ఆముదపు గడియారం

రిస్టువాచీ కోసం తెల్లవారకుండా లేచి, పరాయి దేశంలో, నడివీధిలో, మడతకుర్చీ వేసుకుని నాలుగు గంటలు కూచున్నానంటే మీరు నమ్మరు. నాకే నమ్మకం కుదరడం లేదు. ఎనభైకి ఒక్కటి తక్కువ వయసు. టైము చూసుకుని చెయ్యవలసిన పనంటూ నాకిప్పుడేమీ లేదు. మందులు వేసుకోవడం ఒకటుంది గాని, అది మా ఆవిడ చూసుకుంటుంది.

2024 మార్చి 26న జరిగిన సంగతిది. అప్పుడు మేమిద్దరం జెర్సీ సిటీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ముందురోజు హోలీ పున్నమి. రాత్రి భోజనాల దగ్గర మా మనవడు నా పక్కన చేరి, ఎన్నడూ లేని వినయంతో పెరుగు గిన్నె నా వైపు జరిపాడు. పాతికేళ్ల కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వినయం చూడగానే అనుమానించాను.

"తాతయ్యా, రేపు పొద్దున్న నువ్వూ అమ్మమ్మా నాతో న్యూయార్కు రావాలి."

"ఏముందిరా అక్కడ? గుడా?"

"వాచీల కొట్టు. మనిషికి ఒక్క వాచీయే ఇస్తారు. నాకు రెండు కావాలి. ఒకటి కట్టుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి."

"మరి ముగ్గురం ఎందుకురా?"

"ఒకవేళ ఒకరికి దొరక్కపోతే?" అన్నాడు. అప్పటికి అర్థమయింది నాకు, మేము చుట్టాలం కాదు, క్యూలో నిలబడే తలకాయలమని. రేషను కొట్టు దగ్గర కిరసనాయిలు కోసం ఇంటిల్లిపాదీ డబ్బాలు పట్టుకుని నిలబడిన రోజులు నాకు తెలుసు. కాని అక్కడ కిరసనాయిలు లేకపోతే ఇంట్లో దీపం వెలిగేది కాదు. వాచీ లేకపోతే వీడి కొంపలో ఏ దీపం ఆరుతుంది? జేబులోని టెలిఫోనులో టైము ఉండనే ఉంది. గోడమీద ఉంది, పొయ్యిమీద ఉంది, బట్టలుతికే యంత్రం మీద కూడా ఉంది.

"ఏం వాచీరా అది? బంగారమా?"

"కాదు తాతయ్యా. ఆముదం."

నేను పెరుగన్నం కలపడం ఆపేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

ఆముదం అంటే మా తరం వాళ్లకి ఎలాంటి మాటో ఈ పిల్లలకి తెలియదు. ఆదివారం పొద్దున్నే మా అమ్మ ఒక చేత్తో ముక్కు మూసి, రెండో చేత్తో గిన్నెడు ఆముదం గొంతులో పోసేది. సాయంత్రం దాకా పెరట్లోకీ ఇంట్లోకీ తిరగడమే పని. పసిపిల్లల మాడుకి ఆముదం, ఎడ్లబండి ఇరుసుకి ఆముదం, గూట్లో దీపానికి ఆముదం. ఇష్టం లేని పని చెప్తే ముఖం ఎలా పెట్టావంటే, ఆముదం తాగినట్టు. ప్రపంచంలో పండే ఆముదపు గింజల్లో చాలా భాగం మన దేశానివేనట. అందులో ఎక్కువ గుజరాతులో పండుతాయి గాని, పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో కూడా ఆముదం పంట పాతదే. అలాంటి ఆముదం స్విట్జర్లాండు చేరి, వాచీ అయి, న్యూయార్కులో జనం చేత క్యూ కట్టిస్తోందంటే వినడానికి వింతగా లేదూ?

సంగతేమిటంటే, ఈ వాచీ డొక్కు లోహం కాదు. మూడింట రెండు వంతులు పింగాణీ జాతి పొడి, మూడింట ఒక వంతు ఆముదం నూనె నుంచి తీసిన ప్లాస్టిక్కు. ఆ రెండూ కలిపి పోతపోస్తారు. పేరు బయోసిరామిక్. ముట్టుకుంటే రాయీ కాదు, ప్లాస్టిక్కూ కాదు, గోలీసోడా మూతలాగా నున్నగా ఉంటుంది. లోపల బ్యాటరీ. కీ ఇవ్వక్కర్లేదు.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. నదికింద సొరంగంలోంచి పోయే రైలెక్కి, అవతల ఒడ్డున దిగి, ఆ కొట్టు ఉన్న వీధికి చేరేటప్పటికి మా ముందు యాభైమంది దాకా ఉన్నారు. మా ఆవిడ చీరమీద స్వెట్టరు, స్వెట్టరుమీద మా అల్లుడి కోటు, కాళ్లకి మనవరాలి బూట్లు, తలకి కోతిటోపీ. నేనూ అంతకన్న అందంగా ఏమీ లేను. మనవడు రెండు మడతకుర్చీలు వేసి మమ్మల్ని కూచోబెట్టాడు. మా వెనక నిలబడ్డ నల్లజాతి కుర్రవాడొకడు మా ఆవిడ కాళ్లకి కప్పమని తన శాలువా ఇచ్చాడు. మా ముందు ఒక జపాను దంపతులు. వాళ్లకవతల దుప్పటి కప్పుకుని రోడ్డుమీదే నిద్రపోతున్న ఇద్దరు. క్యూలు చాలా చూశాను గాని, ఇంత సంతోషంగా ఉన్న క్యూని చూడలేదు. తోసుకోవడం లేదు. కాఫీలు తెచ్చుకుని ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. కట్టుకున్న వాచీలు చొక్కా చేతులు పైకి లాగి చూపించుకుంటున్నారు, పేరంటంలో ఆడవాళ్లు గాజులు చూపించుకున్నట్టు.

అన్ని క్యూలూ ఇంత మర్యాదగా ఉండవట. ఈ వరసలో మొదటి వాచీలు 2022లో సరిగ్గా ఇదే తేదీన వచ్చాయి. పదకొండు రంగులు, ఒక్కొక్కదానికి సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు అని పేర్లు. అమెరికాలో వెల 260 డాలర్లు. ఆ రోజున లండన్‌లోనూ, ఇంకా కొన్ని ఊళ్లలోనూ జనం తొక్కిడికి పోలీసులు రావలసివచ్చింది, కొట్లు మూసేశారు. ఆ సాయంత్రానికే కొన్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు చెప్పి మారుబేరం పెట్టారు.

"ఎందుకురా అంత వెర్రి?" అన్నాను.

మనవడు చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి నన్ను మెప్పించాలని ఉంది. నాకు చలి మరిచిపోవాలని ఉంది. ఇద్దరికీ కుదిరింది.

ఒమేగా అని పాత కంపెనీ, 1848 నాటి వంశం. స్వాచ్ అని ఇంకోటి, 1983లో పుట్టింది. జపానువాళ్లు బ్యాటరీ గడియారాలు చవగ్గా చేసి స్విస్సు వాళ్లని అప్పులపాలు చేసిన కాలంలో, రంగురంగుల ప్లాస్టిక్కు వాచీ చేసి పరువు నిలబెట్టిన పిల్ల అది. దాని లోపల 51 భాగాలే ఉండేవట. ఒమేగాకి స్పీడ్‌మాస్టర్ అని ఒక వాచీ ఉంది. 1965లో అమెరికా అంతరిక్ష సంస్థవారు అన్ని పరీక్షలూ పెట్టి వ్యోమగాములకి తగినదని ఎంచుకున్నది. 1969లో ఆల్డ్రిన్ చేతికి చంద్రుడి మీద అడుగుపెట్టింది అదే. ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని వాహనంలోనే వదిలి దిగాడట, లోపలి గడియారం పనిచెయ్యక. దాని వెల వేల డాలర్లు. ఆ రూపాన్నే స్వాచ్ వాళ్లు ఆముదంలో పోతపోసి మామూలు మనిషికి అందేలా చేశారు.

"అంటే రెండు కంపెనీలు వియ్యమందాయన్నమాట."

"రెండూ ఒకే యజమాన్యం కింద ఉన్నాయి తాతయ్యా."

"ఓహో, మేనరికం," అంది మా ఆవిడ కోతిటోపీలోంచి. అప్పటిదాకా వినడం లేదనుకున్నాను.

ఇక ఆనాడు వచ్చే వాచీకి ప్రత్యేకం ఏమిటంటే, తెల్లగా మల్లెపువ్వులా ఉంటుంది. రెండు అంకె ఉండే చోట చిన్న కిటికీ. అందులో చంద్రుడు వృద్ధి క్షయాలు పొందుతూ తిరుగుతాడు. ఆ చంద్రుడి మీద ఒక తెల్లకుక్క వెల్లకిలా పడుకుని ఉంటుంది. దాని పేరు స్నూపీ. చార్లెస్ షుల్జ్ అనే ఆయన 1950 నుంచి యాభైయేళ్లపాటు రోజూ పత్రికల్లో గీసిన బొమ్మల కథలోని కుక్క. కుక్కకీ చంద్రుడికీ ఏమిటి సంబంధమని మీకు రానే వస్తుంది సందేహం. నాకూ వచ్చింది. అమెరికావాళ్లు 1968లో ఈ కుక్కని తమ వ్యోమగాముల క్షేమానికి గుర్తుగా పెట్టుకున్నారట. ప్రయాణం క్షేమంగా జరగడానికి తోడ్పడ్డవాళ్లకి వ్యోమగాములే స్వయంగా వెండి స్నూపీ ఇస్తారు, కోటుకి పెట్టుకునే చిన్న బొమ్మ. 1970 ఏప్రిల్లో అపోలో 13లో ఆక్సిజన్ తొట్టి పేలిపోయి ముగ్గురు మనుషులు ఆకాశంలో చిక్కుపడ్డారు. విద్యుత్తు మిగుల్చుకోవడానికి యంత్రాలన్నీ కట్టేశారు. ఇంటిదారి పట్టడానికి ఇంజను సరిగ్గా 14 సెకన్లు మండించాలి. ఆ 14 సెకన్లూ చేతి వాచీ చూసి లెక్కపెట్టారు. అందుకని ఆ ఏడు అక్టోబరులో ఒమేగా వారికి వెండి స్నూపీ దక్కింది.

ఆ జ్ఞాపకానికి ఒమేగా కంపెనీ స్నూపీ బొమ్మతో వాచీలు చేసింది. 2003లో చేసినవి 5441. ఎందుకా లెక్క? అపోలో 13 ప్రయాణం 142 గంటల 54 నిమిషాల 41 సెకన్లు పట్టింది. చివరి నాలుగంకెలు తీసుకున్నారన్నమాట. 2015లో మళ్లీ చేసినవి 1970, ఆ సంవత్సరం పేరున. సేకరించేవాళ్లు వీటికోసం ప్రాణం పెడతారు. మేము క్యూ కట్టిన ఆముదపు వాచీకి మాత్రం అలా లెక్క లేదు. పరిమితం కాదనే అంటారు. కాని కొన్ని కొట్లలోనే దొరుకుతుంది, మనిషికి ఒకటే, ఏ రోజు ఎన్ని వస్తాయో చెప్పరు. 2023లో ఇంకో తమాషా చేశారు. సెకన్ల ముల్లుకి బంగారు పూత పూసి, కొన్ని కొన్ని ఊళ్లలో, పున్నమి నాడు మాత్రమే అమ్మారు. జూన్ పున్నమి వాచీ ముల్లుమీద స్ట్రాబెర్రీ పళ్ల బొమ్మలు. స్విట్జర్లాండు వాళ్లకి మన పంచాంగం ఎవరు పంపారో గాని, పున్నమికి సత్యనారాయణ వ్రతం చేసుకునేవాళ్లని చూశాను, వాచీ కొనుక్కునేవాళ్లని అప్పుడే వినడం.

ఇదంతా విని నేను ఊరుకోవచ్చు. పెద్దవాణ్ణి గదా, ఊరుకోలేదు. "అంతా పిల్లచేష్టరా. వాచీ అంటే అవసరం. ఒక వస్తువు లేదని అలిగి, దానికోసం పెద్దవాళ్లని చలిలో కూచోబెట్టడం మా రోజుల్లో ఎరగం," అన్నాను.

మా ఆవిడ కోతిటోపీ తీసింది.

"ఏమండీ, ఆ మాట ఇంకోసారి అనండి."

నేను అనలేదు.

మా పెళ్లి 1969 మే నెలలో, రేపల్లె రైలు దారిలో ఒక పల్లెటూళ్లో జరిగింది. మా మామగారు ఆ ఊళ్లోనే సమితి స్కూలుకి హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే మేడా మిద్దే కాదు. ఇద్దరు పంతుళ్లు, నాలుగు తరగతులు, వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని ఇనపకడ్డీతో కొడితే అదే బడిగంట. కట్నంలో రిస్టువాచీ ఇస్తామన్నారు. నేను ఇలాంటి అలాంటి వాచీ కాదు, హెచ్.ఎం.టి. జనతా కావాలన్నాను. గుంటూరులో మా ఆఫీసులో కొత్తగా పెళ్లయిన గుమాస్తా ఒకడికి ఉంది. వాడు సంతకం పెట్టేటప్పుడల్లా చొక్కా చెయ్యి పైకి లాక్కునేవాడు.

ఆ రోజుల్లో ఆ వాచీ దొరకడం ఎంత కష్టమో చెప్పాలి. విదేశీ వాచీలు రానిచ్చేవారు కాదు, వస్తే దొంగసరుకుగా వచ్చేవి. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో మన ప్రభుత్వం బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల కార్ఖానా పెట్టింది. అదీ ఒకరకం వియ్యమే చూడండి. చేసినవి చేసినట్టు అయిపోయేవి. డబ్బు చేతబట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి, లేదా బెంగుళూరులో తెలిసినవాళ్లుండాలి. 2016 జనవరిలో ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు పేపర్లో చదివి చాలా బాధపడ్డాను. ఇప్పుడా పాత జనతాల్ని కూడా కుర్రవాళ్లు వెతుక్కుని కొంటున్నారని మనవడన్నాడు.

మామగారు తన నెలజీతానికి తక్కువ కాని డబ్బు ముందే కట్టి, ఎవరి చేతనో బెంగుళూరు చెప్పించారు. పెళ్లిరోజుకి వాచీ రాలేదు. నేను అలకపాన్పు ఎక్కాను. ఇరవైనాలుగేళ్ల వెధవాయిని, పక్కన స్నేహితులు. అలకపాన్పు సరదాకి ఎక్కుతారు, పెట్టినది పుచ్చుకుని దిగుతారు. నేను దిగలేదు. సరిగ్గా ఆ నెలలోనే అపోలో 10 వెళ్లింది. దాని చంద్రవాహనానికి వాళ్లు పెట్టుకున్న పేరు స్నూపీ అని మనవడు చెప్తే క్యూలోనే తెలిసింది. ఆ స్నూపీ చంద్రుడికి సుమారు 15 కిలోమీటర్ల దగ్గరదాకా వెళ్లి, దిగకుండా తిరిగొచ్చింది. దానికి దిగకపోవడానికి కారణం ఉంది, ముందే వేసుకున్న ప్రణాళిక. నాకేం కారణం? రాత్రి పదింటిదాకా అన్నానికి లేవలేదు. చివరికి మామగారు వచ్చి, తన చేతికున్న వెస్టెండు వాచీ విప్పి, పంచె కొంగుతో తుడిచి, నా చేతికి తనే కట్టారు. "హెచ్.ఎం.టి. వచ్చేదాకా ఇది ఉంచండి అల్లుడుగారూ," అన్నారు. అప్పుడు దిగాను.

హెచ్.ఎం.టి. మరుసటేడు వచ్చింది. ఆయనే బస్సు మీద గుంటూరు తెచ్చారు. నేను పెట్టె విప్పి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. వెస్టెండు తిరిగిస్తానని నేననలేదు, ఇమ్మని ఆయనా అడగలేదు. తరవాత ఎప్పుడు మా ఇంటికొచ్చినా, "అల్లుడుగారూ, టైమెంతయింది?" అని అడిగేవారు. నేను ఘనంగా చొక్కా చెయ్యి పైకి లాగి చెప్పేవాణ్ణి. మర్యాదకి అడుగుతున్నారనుకునేవాణ్ణి.

క్యూలో మా ఆవిడ చెప్పింది అంతకు ముందు నాకు తెలియని సంగతి. ఎవరినో నిష్ఠూరమాడినట్టు కాదు, మనవడికి కథ చెప్పినట్టు చెప్పింది.

"మా నాన్న ఆ తరవాత వాచీ లేకుండానే బడికెళ్లాడురా. పొద్దున్న రేపల్లె వైపు వెళ్లే రైలు కూత వింటే గంట కొట్టేవాడు. ఒకరోజు రైలు ముప్పావుగంట ఆలస్యం. ఆ రోజే ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తొమ్మిదిన్నర బడి, పదిం పావు దాకా పిల్లలు ఆరుబయట గోలీలాడుతున్నారు. సంజాయిషీ అడిగారు. నాన్న రైలు సంగతి రాయలేదుట, వాచీ సంగతీ రాయలేదుట. నాదే తప్పని రాసిచ్చాడు. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగిపోయింది."

"ఎప్పుడు చెప్పారు నీకు?" అన్నాను.

"అమ్మ చెప్పింది. నాన్న పోయాక."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడైనా అడిగారా?"

మా మామగారు 1983లో పోయారు. నలభై ఏళ్లు దాటింది. మనవడు నా మొహంలోకి చూసి, ఏమనాలో తోచక, కాఫీ తెస్తానని వెళ్లాడు. జపాను దంపతులు మడతకుర్చీ కాస్త ముందుకి జరుపుకోమని సైగ చేశారు. క్యూ కదిలింది.

పదింటికి తలుపులు తీశారు. పదకొండు దాటాక మా వంతు వచ్చింది. దొరుకుతుందో లేదో అని మనవడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. వాడికి దొరికింది, నాకు దొరికింది. మా ఆవిడ దగ్గరికి వచ్చేసరికి వాడు, "చాలు, రెండే కావాలి, మనం వెళ్దాం అమ్మమ్మా," అన్నాడు. వెనకనున్న శాలువా కుర్రవాడికి ఛాన్సు వదిలిపెట్టాలని వాడి ఉద్దేశం. ఏమాటకామాటే చెప్పాలి, బుద్ధిమంతుడు.

నా వాచీకి 310 డాలర్లు వాడే కట్టాడు. మన లెక్కన పాతికవేల రూపాయల పైచిలుకు. పెట్టె నా చేతిలో పెడుతూ, "తాతయ్యా, ఇది విప్పకూడదు. విప్పితే విలువ పోతుంది," అన్నాడు.

నేను పెట్టె విప్పాను. అక్కడే, కొట్టు బయట, కాలిబాట మీద. మనవడు "తాతయ్యా!" అని అరిచాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, కోటు చెయ్యీ స్వెట్టరు చెయ్యీ పైకి మడిచి, ఆ తెల్ల వాచీ కట్టాను. గాజులు అడ్డం వచ్చాయి. వాటిని మోచేతివైపు తోసి మళ్లీ కట్టాను. దాని పట్టీకి బకిలీ ఉండదు, అంటించడమే, లాగితే చరచరమంటుంది. నా చేతికి ఈ యాభైయేళ్లలో నాలుగు వాచీలు మారాయి. ఈవిడ చేతికి ఒక్కటీ లేదన్న సంగతి కట్టేదాకా నాకు తట్టలేదు. ఎప్పుడు టైము కావాలన్నా నన్నే అడిగేది.

"నీకు డబ్బులు రేపు ఇచ్చేస్తాన్రా," అన్నాను మనవడితో.

వాడు కాసేపు ఆ పెట్టెవైపూ అమ్మమ్మ చెయ్యివైపూ చూశాడు. "అక్కర్లేదు తాతయ్యా," అన్నాడు.

ఆవిడ మాత్రం మా గొడవ పట్టించుకోలేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "ఇందులో ఏకాదశి తెలుస్తుందిరా?" అని అడిగింది. వాడు చంద్రుడి కిటికీ చూపించి, ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి ఇరవైతొమ్మిదిన్నర రోజుల చిల్లర, ఆ లెక్కన తిరుగుతుంది, చూసి మనమే ఎంచుకోవాలన్నాడు. "సరే, మరి దీన్ని మన ఊరి టైముకి తిప్పిపెట్టు," అంది. ఇక్కడుండగా ఇక్కడి టైము కావాలి కదా అని వాడు ఎంత చెప్పినా వినలేదు. "ఇక్కడి టైము మీ తాతయ్య చెప్తారు," అంది. వాడు మరలు తిప్పి తొమ్మిదిన్నర గంటలు ముందుకి పెట్టాడు.

రాత్రి పడకల వేళకి వాడు మా గదిలోకొచ్చి, దీపం ఆర్పి, ఏదో ఊదారంగు టార్చి వేశాడు. అంతవరకూ ఏమీ లేని చోట, కుక్క పడుకున్న ఆ చిన్న చక్రం మీద, ఇంగ్లీషు అక్షరాలు బయటికొచ్చాయి. పడుకునే ముందు కథ చెప్పందే నిద్రపట్టదని దాని భావం. మా ఆవిడ పసిపిల్లలా నవ్వింది. నాలుగుసార్లు టార్చి వేయించుకుని చూసింది.

వాడు వెళ్లాక నాకు నిద్ర పట్టలేదు. చాలాసేపు అటూ ఇటూ దొర్లాను. ఆవిడా నిద్రపోవడం లేదని ఊపిరి చప్పుడు వింటే తెలుస్తూనే ఉంది.

"ఒకటి చెప్పాలే నీకు," అన్నాను. "మీ నాన్నగారి వెస్టెండు వాచీ బస్సులో పోయిందని చెప్పాను చూడు, అది పోలేదు. తెనాలిలో ఒక వాచీ రిపేరు కొట్టులో ఇచ్చేశాను. నా హెచ్.ఎం.టి.కి స్టీలు గొలుసు పట్టీ వేయించుకుని, దానికింద అది ఇచ్చాను."

ఆవిడ ఏమీ అనలేదు. కిటికీలోంచి వీధి దీపం వెలుగు దుప్పటి మీద పడుతోంది.

"తెలుసు," అంది కొంతసేపటికి.

"ఎలా తెలుసు?"

"నాన్న చూశాడు. తెనాలి వెళ్లినప్పుడు ఆ కొట్టు అద్దాల బీరువాలో ఉందిట. వెనక మూత మీద గీత చూసి పోల్చుకున్నాడు. నేను చిన్నప్పుడు మేకుతో గీసిన గీత అది. ఎంతకిస్తావని అడిగితే అరవై చెప్పాట్ట. మళ్లీ నెల జీతం రాగానే వెళ్లాట్ట. అప్పటికి ఎవరో కొనుక్కుపోయారు."

నేను లేచి కూచున్నాను. మంచినీళ్లు తాగాను. ఏదో ఒకటి అనాలి. ఎవరితో అనాలి, ఆయన లేరు.

"ఎంతయిందే?" అన్నాను.

ఆవిడ దుప్పట్లోంచి చెయ్యి పైకి తీసి, గాజులు వెనక్కి తోసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"తొమ్మిదిన్నర కావస్తోంది," అంది. "నాన్న గంట కొట్టే వేళ."